బెరడు మీద కోత

శ్రీలంకలోని సింహరాజ అడవిలాంటి చోట, మాను మీద ఓసెల్యులారియా లైకెన్ కనబడితే బెరడు పాలిపోయిందనుకుని దాటిపోతాం. మన బిర్యానీ మసాలాలో పడే రాతిపువ్వు కూడా లైకెనే. కానీ అది ఆకులా లేచి ఉంటుంది, ఊడి చేతికొస్తుంది. ఇది బెరడులోకి ఇంకిపోయి పెరుగుతుంది. కావాలంటే పచ్చి చెక్కకు గాయం కాకుండా, పైబెరడుతో కలిపి పలచగా చెక్కు తీయాల్సిందే.

లెన్సు పెట్టి చూస్తే ఆ మచ్చ నిండా సూదితో పొడిచినట్టు రంధ్రాలుంటాయి. ఒక్కో రంధ్రం కింద శిలీంధ్రపు సిద్ధబీజాలు తయారయ్యే గది. చాలా రకాల్లో ఆ గది నడుమ నల్లటి స్తంభం ఒకటి నిలబడి ఉంటుంది. అదెలా ఉందో తేలాలంటే నిలువునా కోయాలి.

లైకెన్లను గుర్తుపట్టే ఈ పనిలో నాకు ప్రాణమైన ఘట్టం అదే. చెక్కును నీటిచుక్కతో నాననిచ్చి, కొత్త బ్లేడుతో వెలుతురు దూరేంత పలచగా తెగ్గోయాలి. కోత సరిగ్గా గది మధ్య నుంచి పోవాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా స్తంభం దొరకదు, ఆ రంధ్రం వృథా. పాత నమూనాలో కోయడానికి మిగిలిన రంధ్రాలే కొన్ని, తర్వాత చదివేవాళ్లకూ ఉంచాలి. కోత కుదిరితే మాత్రం పైపొర కింద నారింజ ఛాయ కనిపిస్తుంది. లైకెన్‌లోని శిలీంధ్రానికి ఆహారం వండిపెట్టే ట్రెంటెపోలియా అనే శైవలం అది, ఆకుపచ్చదే అయినా కెరోటిన్ వల్ల ఆ రంగు. అయోడిన్ చుక్క వేస్తే చాలా రకాల్లో సిద్ధబీజాలు ఊదారంగుకు తిరుగుతాయి.

పేరాదెణియ తోట అధికారి థ్వెయిట్స్ సేకరించిన సిలోన్ (నేటి శ్రీలంక) లైకెన్లను లైటన్ అనే లైకెన్ శాస్త్రవేత్త 1870లో వర్ణించారు. 1981లో అమెరికా శాస్త్రవేత్త మేసన్ హేల్ ఈ రంధ్రాల లైకెన్లను శ్రీలంక మొత్తానికీ సవరించి రాశారు. అలాంటి పాత నమూనాల నుంచి డీఎన్‌ఏ చాలాసార్లు రాదు. అందుకే బ్లేడు పనిని ఇప్పటికీ పిల్లలకు చెయ్యి పట్టి నేర్పించాలంటాను.

ఈ లైకెన్లలో చాలావాటికి నీడా తడీ చెదరని ముదురు అడవే కావాలి. సింహరాజలో 1970లలో ప్లైవుడ్ కోసం మానులు కొట్టారు, జనం అడ్డుపడ్డాక 1977లో ఆ నరుకుడు ఆగింది. 1988లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అలాంటి అడవి ఎంత కోలుకుందో చూడబోయేవాళ్లు చెట్ల చుట్టుకొలతలతో ఆగకుండా, ఆ చెట్ల బెరడు మీద రంధ్రాలు మళ్లీ ఎక్కడిదాకా వచ్చాయో కూడా రాసుకోవాలని నా కోరిక.