అట్ట మారింది, పాఠం మారలేదు

ప్రతి జూన్‌లో మన బడిలో ఒక బేరం జరుగుతుంది. పదో తరగతి దాటిన అన్నలు, అక్కలు తమ గైడ్లను సగం ధరకు అమ్ముతారు. కొనేముందు మనం అట్ట చూడం. "సిలబస్ మారిందా?" అని అడుగుతాం. మారలేదంటే పాతదే తీసుకుంటాం. ఈ మాత్రం తెలివి ఉన్న నేను, మా ఇంట్లో ల్యాప్‌టాప్ కొనేటప్పుడు మాత్రం అట్ట చూసి తల ఊపాను.

మా అక్క పీయూసీ అయిపోయి బీసీఏలో చేరింది. బ్లెండర్‌లో బొమ్మలు చేయాలి, వీడియోలు కూడా ఎడిట్ చేయాలి. అందుకని గ్రాఫిక్స్ చిప్ విడిగా ఉన్న ల్యాప్‌టాప్ కావాలంది. కొత్తది మా వల్ల కాదు. అమ్మ చీటీ డబ్బులు పట్టుకుని నాయన, నేను ఎస్పీ రోడ్డుకు పోయి సెకండ్ హ్యాండ్‌వి చూశాం. ఒకదాని మీద జీఫోర్స్ ఎంఎక్స్150 అనీ, ఇంకోదాని మీద ఎంఎక్స్330 అనీ ఉంది. రెండోది 7 వేలు ఎక్కువ. "150 ఎక్కడ, 330 ఎక్కడ సార్! డబుల్ ఉంటుంది" అన్నాడు అంగడాయన. నాయన నా వైపు చూశాడు. మా ఇంట్లో కంప్యూటర్ పండితుణ్ణి నేనే కదా. సరేనన్నాను.

రెండు నెలల తర్వాత మా పెద్దమ్మ కొడుకు తన ల్యాప్‌టాప్ తెచ్చాడు. 2018లో కొన్నది, ఎంఎక్స్150 ఉన్నది. అక్క చేసిన ఒక బొమ్మను రెండింట్లోనూ రెండర్‌కు పెట్టాం. చిప్ వేడెక్కితే వేగం తగ్గుతుంది కాబట్టి, మధ్యలో చల్లారనిచ్చి మూడేసిసార్లు చేశాం. అన్నదానికి ఆరు నిమిషాలు దాటింది. మాదానికి ఆరు నిమిషాలకు కొన్ని సెకన్లు తక్కువ. డబుల్ అంటే ఇదా అని అక్క అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు వెతికితే తెలిసిందేమిటంటే, ఆ రెండు స్టిక్కర్ల కింద ఉన్నది ఒకే చిప్. ఎన్విడియా సొంత లెక్కలో దాని పేరు జీపీ108. 2017లో ఎంఎక్స్150గా వచ్చింది. 2019లో ఎంఎక్స్250 అయింది. 2020లో ఎంఎక్స్330 అయింది. మూడింటిలోనూ లెక్కలు చేసే కోర్లు 384. మెమరీకి పోయే దారి 64 బిట్లు. మారిందల్లా గడియారం. ఎంఎక్స్150 గరిష్ఠ వేగం 1532 మెగాహెర్ట్జ్ అయితే, ఎంఎక్స్330ది 1594. అంటే 4 శాతం పెరిగింది. మెమరీ కూడా కాస్త వేగం అందుకుంది. పేరులోని అంకె మాత్రం 150 నుంచి 330కి, రెండింతలకు పైగా ఎగిరింది.

కంపెనీ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. కొత్త చిప్ గీయడానికి ఏళ్లు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. ల్యాప్‌టాప్ కంపెనీలకేమో ఏటా కొత్త మోడల్ కావాలి. పాత చిప్‌ను తయారుచేయడంలో చేయి తిరిగాక అదే చిప్ ఇంకొంచెం వేగంగా పనిచేస్తుంది కూడా. కాబట్టి ఆ 4 శాతం అబద్ధం కాదు. పాత చిప్‌ను అమ్మడమూ తప్పు కాదు. నా అభ్యంతరం పేరు మీదే. ఎంఎక్స్150 ప్లస్ అని పెట్టి ఉంటే ఎవరికీ బాధ ఉండేది కాదు. పైగా అదే 2020లో ఇంటెల్ తన 11వ తరం ప్రాసెసర్లలో ఐరిస్ ఎక్స్‌ఈ అనే గ్రాఫిక్స్ పెట్టింది. అది ప్రాసెసర్ లోపలే ఉంటుంది, విడిగా చిప్ అక్కర్లేదు. ర్యామ్ రెండు స్లాట్లలో వేసుకుంటే అది ఎంఎక్స్330కి సమానంగా, చాలా పనుల్లో మించి పనిచేస్తుంది. మరి విడి చిప్ అని ఎక్కువ డబ్బు ఇచ్చింది దేనికి?

(నాయన బాధపడతాడని ఇది కూడా రాస్తున్నాను. మా ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ ఐ5-10210యూ, అన్నదాంట్లో ఐ5-8250యూ. రెండూ నాలుగు కోర్లవే అయినా గరిష్ఠ వేగం 3.4 గిగాహెర్ట్జ్ నుంచి 4.2కు పెరిగింది. అది నిజమైన పెరుగుదలే. 7 వేలలో కొంత దానికి పోయిందనుకుందాం.)

ఇందులో ఏఎండీ కూడా తక్కువ తినలేదు. 2015లో రాడియాన్ ఆర్5 ఎం330, 2016లో ఆర్5 ఎం430, 2017లో రాడియాన్ 520 అని వరసగా అమ్మింది. అన్నింట్లోనూ 320 కోర్లే. వాటి లోపలి నిర్మాణం 2012 నాటిది. ఏఎండీకి, ఎన్విడియాకు మన బెంగళూరులోనే పెద్ద ఆఫీసులున్నాయి. 2023 నవంబరులో ఏఎండీ ఇక్కడ టెక్నోస్టార్ అనే పెద్ద క్యాంపస్ తెరిచింది. అలాంటి చోట పనిచేసే మనవాళ్లు చిప్ గీస్తారు గానీ స్టిక్కర్ మీద అంకె వేసేది వాళ్లు కాదు. వాళ్ల మీద నాకు కోపం లేదు.

దీనికి ఉల్టా కూడా ఉంది. 2021 డిసెంబరులో ప్రకటించిన ఆర్టీఎక్స్ 2050 పేరు చూస్తే 20 వరస పాత చిప్ అనుకుంటాం. లోపల ఉన్నది 30 వరస చిప్. ఆర్టీఎక్స్ 3050 ల్యాప్‌టాప్ చిప్‌లో ఉన్నట్టే 2048 కోర్లు. కాకపోతే మెమరీ దారి 128 బిట్లకు బదులు 64 బిట్లే. సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర ఎన్ని బండ్లున్నా దారి సగమైతే ఏమవుతుందో మనకు చెప్పక్కర్లేదు. అంటే పెద్ద అంకె కొత్తదీ కాదు, చిన్న అంకె పాతదీ కాదు.

అన్నింటికంటే నాకు నచ్చనిది వేరే ఉంది. వేర్వేరు పేర్లతో ఒకే చిప్ అమ్మితే నష్టం డబ్బుకే. ఒకే పేరుతో రెండు వేగాల చిప్‌లు అమ్మితే దాన్నెలా పట్టుకోవాలి? ఎంఎక్స్150లో 25 వాట్లది ఒకటి, పలచని ల్యాప్‌టాప్‌ల కోసం 10 వాట్లది ఒకటి ఉన్నాయని 2018లో నోట్‌బుక్‌చెక్ వాళ్లు పరీక్షించి బయటపెట్టారు. మొదటిదాని మూల వేగం 1468 మెగాహెర్ట్జ్, రెండోదానిది 937. స్టిక్కర్ మాత్రం ఒకటే. ఎంఎక్స్250 వచ్చినప్పుడూ ఇట్లాగే రెండు రకాలు వచ్చాయి. వాట్లు ఎంతో చెప్పకుండా చిప్ అమ్మడమంటే, తూకం చెప్పకుండా బియ్యం మూట అమ్మినట్టే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొనే వస్తువు నాణ్యత, పరిమాణం, సామర్థ్యం, ధర ఏమిటో తెలుసుకునే హక్కు మనకుంది. ధర చీటీ మీద చిప్ అసలు పేరు, వాట్లు రాయడానికి ఒక గీత చోటు చాలు.

అంతవరకు మనమే చూసుకోవాలి. జీపీయూ-జెడ్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుపోవచ్చు. తెరిస్తే స్టిక్కర్ పేరు పక్కన పెట్టి చిప్ అసలు పేరు, కోర్లు, మెమరీ దారి ఎన్ని బిట్లో చూపిస్తుంది. డివైస్ ఐడీ అన్నచోట 1డీ10 అని ఉంటే అది 25 వాట్ల ఎంఎక్స్150, 1డీ12 అని ఉంటే 10 వాట్లది. అన్నదాంట్లో 1డీ10 అని చూశాకే మా పోలిక సరైనదేనని నమ్మాను.

పోయిన నెల మా పక్కింటి అంకుల్ వాళ్ల అబ్బాయికి ల్యాప్‌టాప్ కొనాలని నన్ను తోడు రమ్మన్నారు. మళ్లీ ఎస్పీ రోడ్డే, ఈసారి వేరే అంగడి. పెన్‌డ్రైవ్ పెట్టనిస్తారో లేదో అనుకున్నాను గానీ ఆయన ఏమీ అనలేదు. ఎంఎక్స్150 అని చూపించినదాంట్లో 1డీ12 అని వచ్చింది. "అన్నా, ఇది 10 వాట్లది" అన్నాను. ఆయన ఒకసారి స్క్రీన్ చూసి, ఒకసారి నన్ను చూసి, మూత వేసేసి, వెనక అరలోంచి ఇంకోటి తీశాడు.