పని, పనులు: ఆంగ్లమున కార్యవృద్ధిని దెలుపు విధము

తెలుగు విద్యార్థుల యాంగ్లరచనలలో వ్యాకరణదోషములకంటె దిద్దుటకు గష్టమైనవి కొన్ని కలవు. కర్తృకర్మక్రియలు తమతమ స్థానములందే యుండును. పదములన్నియు నిఘంటువున నున్నవే. అయినను ఆంగ్లేయు డట్లు పలుకడు. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో గీత గీయును గాని, కారణ మడిగినచో "అది వాడుక కాదు" అని యూరకుండును. అట్టి తావులలో నొకటి పని యధిక మగుటను దెలుపు సందర్భము. ఇది స్వల్పవిషయముగ దోచును. కాని విచారించినచో రెండుభాషలు శ్రమను జూచు తీరులోని భేదము దీనియందే బయల్పడును. ఒక్క యక్షరము చేరినను జాఱినను కూలివాని కూడు భారముగ మాఱు తావులును గలవు.

ఆత్మకూరు అను పేరుగల యూళ్లు తెలుగునాట పెక్కు గలవు. ఇచట నుదాహరణమునకు గైకొనునది పాలమూరు సీమలోనిది. పూర్వము అమరచింత సంస్థానమునకు ముఖ్యస్థానము. 2016 మొదలు వనపర్తి జిల్లాలోనిది. గద్వాల, వనపర్తి సంస్థానములవలె నిదియు కవిపండితుల నాదరించినది. నైజాము పాలనాకాలమున నీ సీమలో జదువుకొన్నవానికి ఇంట తెలుగు, బడిలో ఉర్దూ, దానిపై ఆంగ్లము. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను నాడు బోధనభాష ఉర్దూయే. ఆంగ్లము తప్పక చదువవలసిన పాఠ్యభాగము. కావున "పని" యను నొక్కమాటను మూడుభాషలలో దూచి చూచుట కీ సీమవారికి మంచి యవకాశము గలిగెను.

"పొలము పనులు నానాటికి ఎక్కువగుచున్నవి" యను వాక్యమును ఆత్మకూరి బడిలో నొకబాలు డాంగ్లీకరింపవలసె ననుకొందము. "వర్క్స్ ఆర్ ఇంక్రీజింగ్ డే బై డే" అని యాతడు వ్రాయును. తెలుగున బహువచన మున్నది గనుక ఆంగ్లమునను బహువచన ముంచెను. ఇందాతని తెలివితక్కువ యేమియు లేదు. పాలు, నీళ్లు, వడ్లు మున్నగునవి మనకు నిత్యబహువచనములు. లెక్కింపరాని వస్తువును గూడ బహువచనమున బలుకుట మనభాషకు సహజము. "పని" నిత్యబహువచనము గాకున్నను, నాట్లు, కలుపు, కోత, నూర్పిడి యని విడివిడిగ గంటి కగపడుటచే "పనులు" అగుచున్నది. ఆంగ్లమున "వర్క్" అనునది నీటివంటిది. దానిని గొలువవచ్చును గాని యెంచరాదు. ఎంచదలచిన "టాస్క్స్", "జాబ్స్" అను వేఱుమాటలు తెచ్చుకొనవలయును.

ఉర్దూలో "కామ్" అను శబ్దమునకు బ్రథమావిభక్తియందు ఏకవచన బహువచనముల రూప మొక్కటే. "కామ్ బఢ్ గయా" అనువాడు ఒకపని పెరిగె ననుచున్నాడో పనులన్నియు గలిపి యనుచున్నాడో యను ప్రశ్నయే పుట్టదు. అందుచే నాలోచన యుర్దూదారిని నడచినచో నీ తప్పు దొరలుట యరుదు. ఒకేబడిలో ఒకేపాఠమునకు రెండువిధములగు వాక్యములు వచ్చుటకు గారణము బుద్ధిభేదమే కానక్కఱలేదు, మాతృకాభేదమును గావచ్చును.

ఇక బరిమాణవాచకములు. లెక్కింపదగినవానికి "నంబర్", కొలువదగినదానికి "ఎమౌంట్" అని పాఠశాలలో జెప్పుదురు. ఆ నియమము సరియైనదే. కాని యంతటితో జాలదు. "యాన్ ఇంక్రీజింగ్ ఎమౌంట్ ఆఫ్ వర్క్" అనినపుడు పని యొకేరాశిగ బెరుగుచున్నట్లు తోచును. "ఇంక్రీజింగ్ ఎమౌంట్స్ ఆఫ్ వర్క్" అనినపుడు విడతవిడతకు వెనుకటిదానికంటె హెచ్చుగ వచ్చుచున్నట్లు స్ఫురించును. ఇచట బహువచనము పనికి గాక కొలతకు జేరినది. మనము "పాలు" అని బహువచనమున బలికి శేరులతో గొలుతుము. వారు "వర్క్" అని యేకవచనమున బలికి బహుత్వమును గొలతపై నుంతురు. ఈయొక్క మెలకువ తెలిసినచో విద్యార్థి సగముదోషముల దాటగలడు. అయితే ఈ రెండును నివేదికల కుచితములు; లేఖలో, సంభాషణలో ఆంగ్లేయుడు వాడునది "మోర్ అండ్ మోర్ వర్క్" అను తేలికమాట.

ఆ "మోర్ అండ్ మోర్" మన పండితులకు గొత్తదిగాదు. అది యాంగ్లభాషలోని యామ్రేడితము. తెలుగు "నానాటికి", "రోజురోజుకు" అని కాలమును ద్విరుక్తము చేయుట కిష్టపడగా, ఆంగ్లము పరిమాణమునే ద్విరుక్తము చేయుచున్నది. "డే బై డే" అనునదియు నాభాషలో గలదు. కాని రెండింటిని జేర్చి వ్రాసినచో జెప్పినదే చెప్పినట్లగును. ఆమ్రేడిత మేది యనువాదయోగ్యమో కనిపెట్టి, రెండవదాని విడుచుట మేలు.

విశేషణములయందును జాగ్రత్త వలయును. "అధికమైన పని" యని తలచి "హై వర్క్" అని వ్రాయుదురు. అది యాంగ్లమున నిలువదు. "హెవీ వర్క్" అనినచో మోత, త్రవ్వకము మొదలగు శరీరశ్రమ యను నర్థము ముందుగ వచ్చును. పత్రములు వ్రాసి యలసిన గుమాస్తా తన పని "హెవీ వర్క్" అనుటకంటె "హెవీ వర్క్‌లోడ్" అనుట యుక్తము. ఇట్టి పొత్తుల నెఱుగుటకు నిఘంటు వొక్కటియే చాలదు. బ్రౌనుదొర మొదలగువారి కోశములు పదమున కర్థమిచ్చి మహోపకారము చేసినవి. కాని యే పద మే పదముతో గలిసి కాపురము చేయునో తెలియుటకు గ్రంథపఠనమే శరణ్యము.

అలంకారప్రయోగములలో మఱియొక చిక్కు గలదు. "పని పేరుకొన్నది" అనుటకు "ది వర్క్ ఈజ్ పైలింగ్ అప్" అనుట సరిగ నతుకును. రెండుభాషలును గుప్పనే చూచినవి. కాని "చేతినిండ పని" యనుదానిని జూడుడు. ఆంగ్లమున "హ్యాండ్స్ ఫుల్" అను నానుడి యుండుటచే నిది దానికి సరియని భ్రమ కలుగును. గద్వాల నేతగాడు "ఈ యేడు చేతినిండ పని యున్నది" యనినచో అది సంతోషవార్త. మగ్గ మాగలేదు, ఇంట పొయ్యి యారలేదు అని భావము. ఆంగ్లేయుడు తన చేతులు నిండియున్న వనినచో "ఇక నేమియు నెత్తికెత్తుకొనజాల" నని భావము. మొదటిది కలిమి, రెండవది తొందర. నేతగాని మాటకు "ప్లెంటీ ఆఫ్ వర్క్" అనునదే తగును. ఇచట మాటకు మాట సరిపోయినకొలది భావము చెడుచున్నది.

ఈ వివేచనము బడిగోడలు దాటి యెంతదూరము పోవునో చూపుటకు గరవు చరిత్ర చాలును. "వర్క్స్" అను బహువచన మాంగ్లమున లేకపోలేదు. గ్రంథకర్త కృతులకును, కర్మాగారములకును, చెఱువులు, వంతెనలు, బాటలు మున్నగు నిర్మాణములకును నది చెల్లును. 1876-78 నాటి ఘోరక్షామమున దక్కనులోను మదరాసు రాజధానిలోను "రిలీఫ్ వర్క్స్" తెఱచిరి. సర్ రిచర్డు టెంపులు విధించిన కూలి, పురుషునకు దినమునకు 1 పౌను ధాన్యము, 1 అణా. అట్టిచోట "వర్క్స్" పెరిగెననిన మఱికొన్ని తావులలో బని తెఱచిరని యర్థము. ఆకలిగొన్నవారికి దారి దొరకినది. "వర్క్" పెరిగెననిన ఆ కూలికే యెక్కువ మన్ను త్రవ్వించిరను నర్థమును రావచ్చును. తెలుగున "కరవుపనులు పెరిగినవి" యను నొక్కవాక్యమే రెంటికిని జెల్లును. అర్జీ వ్రాయువా డందలి యొక్క "స్" తప్పినచో అడిగినది పని చోటో, తెలిపినది పని బరువో చదువరికి దెలియదు.

ఇది గతించిన కథ కాదు. 2005లో వెలువడిన జాతీయగ్రామీణోపాధి చట్టము గ్రామీణకుటుంబమునకు సంవత్సరమునకు 100 దినముల పనిని హామీ యిచ్చెను. ఆ పథకమును తెలంగాణపల్లెలలో జను లధికారనామముతో బిలుచుటకంటె "కరువు పని" యనుటయే మెండు. ఆ కాగితములందును మంజూరైన "వర్క్స్" వేఱు, కూలికి జిక్కిన "వర్క్" వేఱు. పూడికతీత లెన్ని మంజూరైనను కూలిదినములు పెరుగకపోవచ్చును. రెండింటిని "పనులు" అనియే యనువదించినచో లెక్క పెరిగినట్లుండును. కూలివాని చేయి మాత్రము ఖాళీగ నుండును.

ఆంగ్ల మిపుడు మనదేశమునను వేరూనినది గనుక మన వాడుకయు నొక వాడుకయే యని కొందఱందురు. ఆ వాదమున న్యాయము గలదు. స్నేహితునికి వ్రాయు లేఖలో "వర్క్స్" అని పడినంతమాత్రమున బ్రమాదము లేదు. కాని యర్థము రెండుగ జీలు తావున సహజప్రయోగము సొగసుకొఱకు గాదు, నిజముకొఱకు.

కాబట్టి బోధకులకు నా విన్నపము. పని పెరిగినదను వాక్యము బాలుని చేతికిచ్చినపుడు మూడుప్రశ్నలు వేయింపవలయును: పెరిగినది ఎంచదగినదా, కొలువదగినదా? పెరుగుట కలిమియా, భారమా? పెరిగినది పని చోట్లా, మనిషిపై బడిన మోతయా? వీనికి దెలుగుననే బదులు చెప్పుకొన్నవానికి ఆంగ్లపదము తనంత వచ్చును. తెలుగున దేలనిది ఆంగ్లమున దేలుట కల్ల.