రెండు తీగల మీద 101.9

హైదరాబాద్‌లో ఆకాశవాణి రెయిన్‌బో 101.9 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. పాత రేడియోలో అక్కడికి చేరాలంటే నాబ్ తిప్పుతూ, ముల్లు చూస్తూ, చెవితో సరిచూసుకోవాలి. ఫిలిప్స్ వారి టీఈఏ5767 ట్యూనర్ చిప్‌కు నాబూ లేదు, ముల్లూ లేదు. ఏ స్టేషన్ పట్టాలో మైక్రోకంట్రోలర్ ఐదు బైట్లలో చెబుతుంది.

ఆర్డువినో ఊనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డుకు దీన్ని కలపడానికి నాలుగు తీగలు చాలు. రెండు కరెంటుకూ గ్రౌండుకూ పోగా, ఏ4 నుంచి డేటా తీగ, ఏ5 నుంచి క్లాక్ తీగ. మాటలన్నీ ఈ రెండింటి మీదే. ఈ పద్ధతి పేరు ఐ2సీ, 1982లో ఫిలిప్స్‌లోనే పుట్టింది. ఇందులో ఏ పరికరమూ తీగను పైకి నెట్టదు. రెసిస్టర్లు రెండు తీగలనూ పై వోల్టేజీ దగ్గర పట్టి ఉంచుతాయి; మాట్లాడదలచిన పరికరం కిందికి లాగుతుంది, అంతే. అందుకే ఇద్దరు ఒకేసారి నోరు విప్పినా ఏ చిప్పూ కాలిపోదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది మాట మొదలయ్యే తీరు. క్లాక్ పైన ఉన్నంతసేపూ డేటా కదలకూడదన్నది నియమం. ఆ నియమాన్ని కావాలని తప్పడమే ఇక్కడ సంకేతం. క్లాక్ పైన ఉండగా డేటా కిందికి దిగితే మాట మొదలైనట్టు, పైకి లేస్తే ముగిసినట్టు. మొదలూ తుదీ తెలపడానికి మూడో తీగ అవసరమే రాలేదు. మొదలవగానే ఏడు బిట్ల చిరునామా వెళుతుంది. ఈ చిప్‌ది 1100000. ఎనిమిదో బిట్ సున్నా అయితే రాయడం, ఒకటి అయితే చదవడం. తొమ్మిదో క్లాక్ దగ్గర మైక్రోకంట్రోలర్ డేటా తీగను వదిలేస్తుంది. చిప్ దాన్ని కిందికి లాగితే అందినట్టు లెక్క.

ఇక పంపే అంకె సంగతి. చిప్ పక్కనుండే క్రిస్టల్ చేతి గడియారాల్లో వాడేదే: సెకనుకు 32,768 కంపనాలు. వచ్చిన సిగ్నల్‌ను చిప్ 225 కిలోహెర్ట్జ్‌కు దించి పని చేస్తుంది కాబట్టి, లోపలి ఆసిలేటర్ స్టేషన్ కంటే అంత ఎత్తున నడవాలి. 101.9కి 0.225 కలిపి, నాలుగుతో హెచ్చించి, క్రిస్టల్ వేగంతో భాగిస్తే 12466 వస్తుంది. మిగిలిన భిన్నాన్ని వదిలేస్తే మూడున్నర కిలోహెర్ట్జ్ తేడా పడుతుంది. 75 కిలోహెర్ట్జ్ అటూ ఇటూ ఊగే ఎఫ్ఎం సిగ్నల్‌కు అది లెక్కలోకి రాదు. ఈ అంకెకు 14 బిట్లు కావాలి. మొదటి బైట్‌లో మ్యూట్‌కు ఒకటి, వెతుకులాటకు ఒకటి పోగా మిగిలిన ఆరింటిలో పై భాగం, రెండో బైట్‌లో కింది భాగం కూర్చుంటాయి: 00110000, 10110010.

మిగతా మూడు బైట్లలో మోనో, స్టాండ్‌బై, క్రిస్టల్ రకం, జపాన్ బ్యాండ్ వంటి అరుదుగా మార్చే ఎంపికలు ఉంటాయి. ఆ వరుసలోనే ఎంతో ఆలోచన ఉంది. స్టేషన్ ఒక్కటే మార్చాలంటే రెండు బైట్లు పంపి ఆపేయొచ్చు, తక్కినవాటిలో పాత విలువలే నిలిచి ఉంటాయి. ఐదూ పంపినా, క్లాక్ 100 కిలోహెర్ట్జ్ అయితే, సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు.

చిప్ తిరిగి మాట్లాడుతుంది కూడా. చదవమని అడిగితే ట్యూనింగ్ ముగిసిందా, స్టీరియో ఉందా, సిగ్నల్ బలం 0 నుంచి 15 వరకు ఎంత అన్నది చెబుతుంది. వీటితో పాటు వచ్చే ఏడు బిట్ల కౌంటర్ విలువ 49కీ 62కీ మధ్య ఉంటేనే నిజంగా స్టేషన్ మధ్యలో ఉన్నట్టు. బలం ఒక్కటే చూసి నమ్మే ప్రోగ్రామ్ పక్క స్టేషన్ అంచును పట్టుకుని అదే స్టేషన్ అనుకుంటుంది.

ఈ సమాధానాలు వినే ప్రోగ్రామ్ ఇంకో మంచి పని చేయగలదు. ఆసిలేటర్ పైన ఉన్నప్పుడు, మనకు కావలసిన చోటికి 450 కిలోహెర్ట్జ్ పైనున్న సిగ్నల్ కూడా అదే 225కి దిగి చొరబడొచ్చు. చిప్ దాన్ని అణచడానికి ప్రయత్నిస్తుంది, కానీ అది మరీ బలంగా ఉంటే కొంత మిగిలిపోతుంది. అందుకని ప్రోగ్రామ్ ముందు 450 పైకీ 450 కిందికీ వెళ్లి రెండుచోట్లా బలం కొలుస్తుంది. పైన ఎక్కువగా ఉంటే మూడో బైట్‌లో ఒక బిట్‌ను సున్నా చేసి, 225 కలిపే చోట తీసివేస్తుంది. అప్పుడు వెళ్లే అంకె 12411. స్పీకర్‌లో మాత్రం అదే రెయిన్‌బో, ఇంకాస్త శుభ్రంగా.