పిండి తెలిసిన చెయ్యి

కొండమీద దర్జాగా బస చెయ్యాలంటే ఊటీ పోవాలి. మా బెజవాడ కొండమీద కొలువుండేది దుర్గమ్మ. హోటలంటే మాకు కొండ కింద టిఫినే. గాంధీనగర్‌ బాబాయ్ హోటల్ 1957 నాటి ప్రకాశం బ్యారేజీ కంటే పాతది. దానికి పేరు తెచ్చింది గదులు కావు, ఇడ్లీమీద వెన్న.

అసలు గొప్పంతా పిండి కలిపే చేతిది. మినప్పప్పు నురగలా రుబ్బాలి, రవ్వ కడిగి పిండాలి. మే నెలలో ఆ పిండి తెల్లారకముందే పులుస్తుంది, డిసెంబరులో మొండికేస్తుంది. గడియారం పనికిరాదు; గిన్నె అంచున బుడగలు చూసి వంటమాస్టరు చెప్పేస్తాడు. వేడి ఇడ్లీమీద వెన్నముద్ద జారి, పక్కనున్న కారప్పొడిని తడుపుతుంది. (చట్నీ అడిగేవాళ్లని నేనేమీ అనను.) విజయవాడ వస్తే పొద్దున్నే వెళ్లండి, తిన్నాక వంటమాస్టరుకి ఓ మాట చెప్పి రండి.