‘కనిపించలేదు’ అంటే ‘లేదు’ అని కాదు: పైపులైనుకు ముందు మొక్కల సర్వే

ఆదివాసీ ప్రాంతానికి పెద్ద ప్రాజెక్టు ఏదైనా వచ్చే ముందు ఒక పుస్తకం వస్తుంది. దాన్ని పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక అంటారు. వందల పేజీలుంటుంది. నీటికి, గాలికి, శబ్దానికి, జనాభాకి పట్టికలుంటాయి. మొక్కలకు కొన్ని పేజీలుంటాయి. ఆ పేజీల చివర చాలాసార్లు ఒకే రకం వాక్యం కనిపిస్తుంది: ప్రాజెక్టు ప్రాంతంలో అరుదైన, అంతరించిపోతున్న మొక్కలేవీ లేవు అని.

కథనీ కవితనీ విమర్శించినట్టే ఈ పేజీలనీ విమర్శించాలని మేం అంటున్నాం. మన అడవి గురించి వచ్చిన రచనల్లో అధికారులు చదివి సంతకం పెట్టేది ఇదొక్కటే. మన పాట విని ఎవరూ గొట్టం దారి మార్చరు. ఈ జాబితాలో ఒక్క మొక్క పేరు ఉంటే మార్చాల్సి రావచ్చు. కాబట్టి దీన్ని ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరిని అడిగి రాశారు అన్నది మనకు సంబంధించిన విషయం.

పైపులైను మన్యానికి కొత్త కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని పొడి చేసి, నీళ్లలో కలిపి, ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా మీదుగా విశాఖపట్నం చేర్చే గొట్టం పొడవు సుమారు 267 కిలోమీటర్లు. గనికీ ఆనకట్టకీ ఒక చోటంటూ ఉంటుంది. అక్కడ జనం కూడతారు, మాట్లాడతారు. పైపులైనుకు ఉండేది చోటు కాదు, గీత. ఒక్కో ఊరికి తగిలేది చిన్న ముక్క. అందుకే ఏ ఊరూ దాన్ని పూర్తిగా తన సమస్య అనుకోదు. కందకం తవ్వుతారు, గొట్టం దించుతారు, మట్టి కప్పుతారు. రెండు వానలు పడితే పైన గడ్డి మొలుస్తుంది. అంతా మామూలైపోయినట్టు కనిపిస్తుంది. కానీ పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం, 1962 కింద తీసుకున్న భూమిలో గొట్టం మీద మళ్లీ చెట్టు నాటకూడదు, బావి తవ్వకూడదు, ఇల్లు కట్టకూడదు. అడవిలో పడిన ఆ చార చారగానే మిగులుతుంది.

ఇక చట్టాల సంగతి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం చమురు, గ్యాస్ పైపులైన్లకు పర్యావరణ అనుమతి అవసరమయ్యేది అవి జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాల గుండా పోయినప్పుడు. మామూలు రిజర్వు ఫారెస్టులో నుంచి పోతే అటవీ భూమి మళ్లింపు అనుమతి మాత్రం కావాలి. ఆ అనుమతికి గ్రామసభ సమ్మతి జతచేయాలని కేంద్ర పర్యావరణ శాఖ 2009 ఆగస్టులో చెప్పింది. 2013 ఫిబ్రవరి 5న అదే శాఖ రోడ్లు, కాలువలు, పైపులైన్లు, కరెంటు లైన్లు వంటి ‘గీత’ ప్రాజెక్టులకు ఆ సమ్మతి అక్కర్లేదంది. ఆదిమ తెగల గుర్తించిన హక్కులు దెబ్బతినే చోట మాత్రమే మినహాయింపు ఉంచింది. అంటే చెంచులకు, కొండరెడ్లకు, కొండసవరలకు, కోలాములకు కొంత ఆసరా ఉంది. కోయ, కొండదొర, జాతాపు, భగత ఊళ్లకు అదీ లేదు. ఊరి మాట అడగనవసరం లేని చోట అడవి తరఫున మిగిలే సాక్ష్యం మొక్కల సర్వే ఒక్కటే. అందుకే అది సరిగా ఉండాలి.

మొదటి లోపం కాలంలో ఉంది. ఈ నివేదికలకు సమాచారం సేకరించేది ఎక్కువగా ఒక్క సీజన్‌లో, అదీ వానాకాలం కాని సీజన్‌లో. గాలిలో దుమ్ము కొలవడానికి అది సరిపోతుందేమో గానీ మొక్కలకు సరిపోదు. అడవి కంద ఆకు వానల్లో గొడుగులా లేస్తుంది, చలికాలానికి ఎండి రాలిపోతుంది. ఫిబ్రవరిలో వెళ్లినవారికి అక్కడ కనిపించేది ఒట్టి మట్టి. నేలతాడి, అడవినాభి, నేల మీద పెరిగే ఆర్కిడ్లు, రకరకాల అడవి దుంపల తీగలు, ఇవన్నీ తొలకరితో బయటికొచ్చి, పూసి, కాసి, మళ్లీ భూమిలోకి వెళ్లిపోతాయి. గడ్డలు తవ్వే మన ఆడవాళ్లు ఎండిన తీగ ముక్క చూసి కింద ఏముందో చెప్పగలరు. సర్వేకి వచ్చినవారికి ఆ అలవాటు ఉండదు, అడిగే తీరికా ఉండదు. నిద్రపోతున్నవాణ్ణి పిలిచి, పలకలేదు కాబట్టి ఇంట్లో ఎవరూ లేరని రాసుకున్నట్టు ఉంటుంది ఆ జాబితా.

రెండో లోపం కొలతలో ఉంది. మొక్కల లెక్కకు గడులు గీస్తారు. చెట్లకు పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు; చిన్న మొక్కలకు ఒక్కో మీటరు. బడిలో లెక్కల మాస్టారు పిల్లలతో ఈ లెక్క చేయించవచ్చు. ఇరవై మీటర్ల వెడల్పు చార పది కిలోమీటర్లు పోతే 20 హెక్టార్లు, అంటే రెండు లక్షల చదరపు మీటర్లు. అందులో చిన్న మొక్కలకు పది గడులు గీస్తే చూసింది పది చదరపు మీటర్లు. ఇరవై వేల వంతుల్లో ఒక వంతు. ఆ ప్రాంతంలో ఏ చెట్లు ఎక్కువ, ఏవి తక్కువ అని అంచనా వేయడానికి గడుల పద్ధతి పనికొస్తుంది, దాన్ని మేం కాదనడం లేదు. కానీ అరుదైన మొక్క అంటేనే అన్ని చోట్లా ఉండనిది. ఒక వాగు ఒడ్డున, ఒక బండ నీడన, ఒక కొండ వాలున మాత్రమే ఉండేది. దాన్ని వెతకాలంటే గీత మొత్తం నడవాలి.

లెక్క పెట్టడం కూడా చాలదు. శేషాచలం, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని సైకస్ బెడ్డోమి చూడ్డానికి ఈత మొక్కలా ఉంటుంది. ఇందులో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఒక చోట యాభై మొక్కలున్నాయని రాస్తే అవి బాగున్నట్టే అనిపిస్తుంది. కందకం దారిలో పడేవి అక్కడున్న కొద్దిపాటి ఆడ మొక్కలే అయితే మిగిలినవి ఎన్నున్నా విత్తనం రాదు. ఆ సంగతి జాబితాలోని అంకె చెప్పదు.

మూడో లోపం పేర్లలో ఉంది. పట్టికలో శాస్త్రీయ నామం పక్కన ‘స్థానిక నామం’ అని ఒక గడి ఉంటుంది. అందులో ఉండేది తరచుగా మైదానపు తెలుగు పేరు. ఆ కొండ మీద మాట్లాడేది కువి అయినా, సవర అయినా, కోయ అయినా, గోండి అయినా అదే పేరు. ఇది మర్యాద సమస్య మాత్రమే కాదు, దీనివల్ల తప్పులు దొర్లుతాయి. నన్నారి అనే పేరుతో రెండు వేర్వేరు మొక్కల వేర్లు బజారులో అమ్ముతారు. ఒకటి చాలా చోట్ల దొరికే సుగంధిపాల. రెండోది తవ్వకాల వల్ల అరుదైపోతున్న మారేడు గడ్డల తీగ. మారేడు అనగానే శివుడి పూజకు వాడే బిల్వం చెట్టు గుర్తొచ్చేవారు కూడా ఉంటారు. ఒక్క పేరు దగ్గర మూడు మొక్కలు కలిసిపోతే అందులో అరుదైనది పట్టికలోంచి జారిపోతుంది. అలాగే నేలవేము అందరికీ తెలుసు. దాని జాతికే చెందిన ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా పేరులోనే నల్లమల ఉంది, దాని ఊరూ అదే. పువ్వు లేని రోజుల్లో హడావుడిగా నడిచేవారి కంట్లో ఇలాంటివన్నీ ‘ఏదో పిచ్చి మొక్క’ కిందికి పోతాయి.

నాలుగోది ‘అరుదు’ అనే మాటే. వృక్షశాస్త్రం దేశాన్నీ ప్రపంచాన్నీ చూసి అరుదు అంటుంది. ఆ చూపు అవసరమే. మన కొండలోని చిన్న మొక్క ప్రపంచంలో ఇంకెక్కడా లేదని మనకు తెలిసింది వృక్షశాస్త్రజ్ఞుల శ్రమ వల్లే. అయితే ఊరి చూపు ఇంకొకటుంది. అడ్డతీగ ఏ ఎర్ర జాబితాలోనూ అరుదైనది కాదు. విస్తర్లు కుట్టి బతికే గూడెం పక్కన ఉన్న అడ్డతీగలన్నీ ఒకే చారలో పోతే ఆ గూడేనికి అది అరుదే. జీలుగు చెట్టు, తప్సి బంక చెట్టు, కరువులో కడుపు నింపిన దుంపల మిట్ట కూడా అంతే. నివేదికలో వీటికి గడి లేదు. ‘ఆర్థిక ప్రాధాన్యం గల మొక్కలు’ అని ఒక చిన్న పట్టిక పెడతారు, అది ఎవరి ఆర్థికమో చెప్పరు.

సరైన సర్వే కుదరని పనా? కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర వన్యప్రాణి శాఖ అరుదైన మొక్కల సర్వేకి రాతపూర్వక పద్ధతి ఒకటి పెట్టుకుంది. మొక్క గుర్తుపట్టడానికి వీలైన కాలంలోనే వెళ్లాలి. అవసరమైతే ఏడాదిలో ఒకటికి రెండుసార్లు వెళ్లాలి. ముందే అనుకున్న నాలుగు పేర్ల కోసం కాకుండా కనిపించిన ప్రతి మొక్కనూ గుర్తించాలి. అదే మొక్క ఉందని తెలిసిన మరో చోటుకి వెళ్లి అక్కడ ఆ రోజుల్లో పూసిందో లేదో చూసుకోవాలి. అక్కడ కూడా పూయకపోతే ఇక్కడ కనిపించలేదన్న మాటకు విలువ లేదు. ఇందులో మన అవ్వలకు తెలియని సూత్రం ఏదీ లేదు. లేనిదల్లా మన దగ్గర దాన్ని నియమంగా రాసి పెట్టడమే.

ఈ విమర్శ మన వైపూ తిరగాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వేయమంది. ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయడం ఆ కమిటీ పని. ఏళ్ల తరబడి కదలని ఈ పని, 2020 జనవరి 31లోగా పూర్తి చేయకపోతే రాష్ట్రాలు డబ్బు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ అన్నాక ఉరుకులు పరుగులు పెట్టింది. దేశంలో రిజిస్టర్ల సంఖ్య రెండు లక్షలు దాటింది. అంత తొందరలో నింపిన పుస్తకాల్లో మన ఊరిది ఎలా ఉందో పంచాయతీ ఆఫీసుకు వెళ్లి అడిగి చూడాలి. అందులో మన భాష పేర్లు లేకపోతే, రేపు వచ్చే నివేదికను తప్పు పట్టడానికి మన చేతిలో కాగితం ఉండదు. 2006 అటవీ హక్కుల చట్టం జీవవైవిధ్యం మీదా, దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీదా సమూహానికి హక్కు ఇచ్చింది. అడవినీ జీవవైవిధ్యాన్నీ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ హక్కు నిలబడాలంటే రాత కావాలి.

కాబట్టి ఉపాధ్యాయులకు ఒక మాట. సైన్సు పాఠంలో ఏడాది పొడవునా నడిచే ఒక నోటుపుస్తకం పెట్టించండి. నెలకోసారి ఒకే దారి, ఒకే వాగు. ఏది మొలిచింది, ఏది పూసింది, అవ్వ దాన్ని ఏ పేరుతో పిలిచింది, ఎవరు చెప్పారు, ఏ తేదీ. ఫొటో తీయండి, వేరు పీకకండి. దగ్గరి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారుంటే శాస్త్రీయ నామం రాయించండి. మన పేరును మాత్రం కొట్టేయనివ్వకండి.

యువతకు ఇంకో మాట. అన్నీ అందరికీ చెప్పాల్సిన పని లేదు. సర్పగంధ, మారేడు గడ్డలు ఎక్కడున్నాయో ఫోన్లలో పంచితే పైపులైను కంటే ముందు బేరగాడు వస్తాడు. మొక్క ఉందని చాటండి, చోటును గ్రామసభ రిజిస్టరులో దాచండి. ప్రజాభిప్రాయ సేకరణ జరిగే చోట అధికారిని మూడు ప్రశ్నలు అడగండి: మీ సర్వే ఏ నెలలో చేశారు? గీత మొత్తంలో ఎంత దూరం నడిచారు? మా ఊళ్లో ఎవరిని అడిగారు? ఆ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. జవాబు రాకపోతే, రాలేదన్న మాటనే గ్రామసభ తీర్మానంలో తేదీ వేసి రాయించండి.