గుల్లలు ఏరే చేతులు

సముద్రం అడుగు నుంచి తీసిన బురదను 63 మైక్రాన్ల జల్లెడలో పోసి కడిగితే మట్టంతా జారిపోయి ఇసుకలాంటి పొడి మిగులుతుంది. చాలాచోట్ల అందులో ఎక్కువ భాగం ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలే. మైక్రోస్కోపు కింద సన్నని కుంచె మొన తడిపి, ఒక్కో గుల్లనూ దానికి అంటించి, నల్లని పలక మీద జాతులవారీగా పేర్చాలి. చెయ్యి వణికితే గుల్ల చిట్లుతుంది. జాతి పొరబడితే లెక్కే తప్పుతుంది. ఎంత ఓపిక కావాలో!

ఈ గుల్లల్లోని ఆక్సిజన్ ఐసోటోపులను కొలిచే 1955లో శాస్త్రవేత్త చెజారే ఎమిలియానీ మంచుయుగాల రాకపోకలను లెక్కగట్టాడు. 2014-15లో జాయిడెస్ రిజల్యూషన్ ఓడ మన బంగాళాఖాతం అడుగును తొలిచింది రుతుపవనాల పాత చరిత్ర కోసమే. ఇలాంటి పరిశోధనల్లో గీసే గ్రాఫుల్లోని చుక్కల వెనుక గుల్లలు ఏరిన చేతులున్నాయి. పరిశోధన పత్రాల్లో ఆ ఏరినవాళ్ల పేర్లు కూడా ఉండి తీరాలి.