మనోబలమే మూలధనమా?

కొత్తగా కొలువులో చేరిన ఇద్దరిలో ఒకరు పనిలో లీనమై వేళ మరచిపోవుదురు. రెండవవారు గడియారం వంక చూచుచుందురు. ఈ భేదానికి కారణమేమి? ఫ్రెడ్ లూథాన్స్ మరి ఇద్దరితో కలిసి 2007లో వెలువరించిన గ్రంథం దీనికొక సమాధానం చెప్పుచున్నది. ఆశ, ఆత్మవిశ్వాసం, ఆశావాదం, దెబ్బతిన్న పిదప కోలుకొనే శక్తి - ఈ నాలుగును కలిపి దానిలో 'మానసిక మూలధనం' అన్నారు. ఇది దండిగా ఉన్నవారికి పనిలో ఉత్సాహం, అంకితభావం, తన్మయత్వం అధికమని ఈ సిద్ధాంతసారం. ఈ గుణాలు పుట్టుకతో స్థిరపడినవి కావనీ, అభ్యాసంతో పెంపొందించవచ్చుననీ చెప్పుట ఆ గ్రంథంలోని మేలైన అంశం.

అయితే ఇది సంపూర్ణ సత్యమా? గోదావరి సీమలో పుట్టిన ఒక జీవితంతో పరీక్షించి చూడవచ్చును.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించెను. మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నానగాని నెగ్గలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించెను. పిమ్మట ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1923లో బోస్టన్ చేరెను. ఓటమి వెంట ఓటమి వచ్చినా ఆయనను నిలిపినది పై నాలుగు గుణాలే అనుటలో సందేహం లేదు. ఇంతవరకు సిద్ధాంతం నెగ్గినది.

ఇక రెండవ వైపు చూడవలెను. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించెను. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. వెలుగులోకి వచ్చినవి. మద్రాసులో ఉన్న మనిషీ, బోస్టన్‌లో ఉన్న మనిషీ ఒక్కరే. మారినవి ప్రయోగశాల, సహచరుడు, సమస్య. హార్వర్డ్‌లో శాశ్వత పదవి దక్కక 1940లో లెడర్లీ సంస్థలో చేరిన తరువాతనే, పెద్ద బృందం అండతో, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్ వంటి ఔషధాలు రూపొందెను. ధవళేశ్వరం వద్ద నీరు నిండుగా ఉన్నా తూము తెరవనిదే చేను తడవదు గదా!

డెమెరౌటి, బాకర్ మొదలగువారు 2001లో ప్రతిపాదించిన నమూనా ఈ లోపాన్ని కొంత సవరించినది. పని కోరే శ్రమను, పని ఇచ్చే వనరులను అది రెంటినీ లెక్కించును.

పరిశోధన పద్ధతిలోనూ చిక్కులున్నవి. పెక్కు పరిశీలనలలో ఒకే వ్యక్తి ఒకే సమయాన తన మనోబలానికీ, తన ఉత్సాహానికీ తానే మార్కులు వేసుకొనును. బలం వలన ఉత్సాహం కలిగెనో, మంచి పని దొరికినందున బలం పెరిగెనో దీనివలన తేలదు. సుబ్బారావు ఉదాహరణ కూడా నిరూపణ కాదు. అంతటి బలముండియు బోస్టన్ చేరలేనివారి పేర్లు చరిత్రలో మిగలలేదు.

ఉక్కుతీగకు సైతం స్థితిస్థాపకతకు ఒక అవధి ఉన్నది. అది దాటిన పిదప బరువు తీసినా తీగ పూర్వపు పొడవుకు రాదు. అమలాపురంలోగాని ఏలూరులోగాని కొత్తగా చేరిన అధ్యాపకుడు పరికరాలు లేని ప్రయోగశాలలో నీరసించినచో, తప్పు అతని మనసుదేనని తీర్పు చెప్పుట శాస్త్రీయం కాదు. తీగను నిందించుటకు ముందు దానికి వ్రేలాడదీసిన బరువెంతో తూచవలెను.